మధ్యయుగపు కోజీ మర్డర్ మిస్టరీలు: మధ్యలో వదిలేయకుండా, రుచి తెలిసేలా చదవడం ఎలా

"కాడ్‌వైల్ నవల కొన్నానండీ, నలభై పేజీల దగ్గర ఆగిపోయాను, పేర్లన్నీ కలిసిపోతున్నాయి, అసలు ఎక్కడినుంచి మొదలెట్టాలి?" ఇదే ప్రశ్న నన్ను చాలామంది రకరకాలుగా అడుగుతూనే ఉన్నారు, ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి పద్ధతిగా రాసేస్తున్నా.

కోజీ మిస్టరీ అంటే హత్య ఉంటుంది కానీ రక్తం ఏరులై పారదు, ఊరు చిన్నది, ఒకరికొకరు తెలిసినవాళ్ళే, పరిశోధన చేసేది పోలీసు కాదు. దాన్ని మధ్యయుగంలో పెట్టినవాటిలో నాకు బాగా తెలిసింది, నేను మళ్ళీ మళ్ళీ చదివేది ఎల్లిస్ పీటర్స్ రాసిన బ్రదర్ కాడ్‌వైల్ సిరీస్, అందుకే ఈ గైడ్ మొత్తం దాని మీదే నడుస్తుంది. ఈ పద్ధతి పట్టుబడితే ఇదే రకం వేరే సిరీస్‌లకి కూడా పనికొస్తుంది. హంతకుడు ఎవరో ఎక్కడా చెప్పను, ధైర్యంగా చదవండి.

## 1. పుస్తకం తెరిచే ముందు అరగంట

ఈ అరగంట ఎగ్గొట్టినవాళ్ళే నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతున్నారు. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ తీసుకోండి.

### 1.1 మ్యాప్ గీయండి

కథలు ఎక్కువగా జరిగేది ఇంగ్లండ్‌లో, వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ష్రూస్‌బరీ అనే నిజమైన ఊళ్ళో. సెవెర్న్ నది ఆ ఊరిని గుర్రపు లాడంలా చుట్టేస్తుంది, నది చుట్టని సన్నటి నేల ముక్క మీద కోట. తూర్పు వైపు వంతెన దాటి ఊరి బయటికి వస్తే మఠం, అది 1083లో మొదలైన బెనెడిక్టీన్ మఠం (సెయింట్ బెనెడిక్ట్ నియమాలు పాటించే క్రైస్తవ సన్యాసులది), దాని ముందునుంచి పోయే వీధి ఫోర్‌గేట్, ఆ వీధి చివర సెయింట్ జైల్స్ అనే కుష్ఠురోగుల ఆశ్రమం. ఇంకో వంతెన పడమర వైపు, అది వేల్స్ దారి. మఠం తోటల పక్కన మియోల్ వాగు, పిండిమరని తిప్పే నీళ్ళ చెరువు.

ఒక్క విషయం కింద గీత గీసి పెట్టుకోండి: మఠం ఊరి గోడలకి బయట ఉంది. రాత్రి ఊరి గేట్లు మూసేస్తారు కాబట్టి ఎవడు ఎటువైపు ఉండిపోయాడు అన్నది చాలా నవలల్లో ముఖ్యం అవుతుంది.

### 1.2 యుద్ధం నాలుగు ముక్కల్లో

1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి, మొదటి హెన్రీ రాజు కొడుకు చనిపోయాడు. మిగిలిన వారసురాలు కూతురు మాడ్, ఆమెనే రాణిగా ఒప్పుకుంటామని పెద్ద పెద్ద జమీందార్ల చేత రాజు ఒట్టు వేయించుకున్నాడు. 1135లో రాజు పోగానే ఆయన మేనల్లుడు స్టీఫెన్, అంటే మాడ్‌కి మేనత్త కొడుకు, బావ వరస, పరుగున వచ్చి కిరీటం పెట్టేసుకున్నాడు. అక్కడినుంచి ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం.

వరసలు ఇలా మన భాషలో రాసుకుంటే ఇంక మర్చిపోరు, నేను ఇంగ్లీషులో కజిన్ అని చదివినప్పుడు బుర్రకి ఎక్కలేదు, మేనత్త కొడుకు అనుకోగానే గొడవంతా మన పక్కింటి ఆస్తి తగాదాలా అర్థమైపోయింది.

### 1.3 గంటలు

మఠంలో టైమ్ అంతా ప్రార్థనల లెక్కే. మన జాముల లెక్క గుర్తున్నవాళ్ళకి ఇది చాలా ఈజీ, రోజుకి ఎనిమిది జాములు, అక్కడ కూడా ఎనిమిది ప్రార్థనలు. సుమారుగా:

- మాటిన్స్: అర్ధరాత్రి
- లాడ్స్: దాని తర్వాత, తెల్లవారక ముందు
- ప్రైమ్: తెల్లవారగానే
- టెర్స్: పొద్దున తొమ్మిది ప్రాంతం
- సెక్స్ట్: మిట్టమధ్యాహ్నం
- నోన్: మూడు ప్రాంతం
- వెస్పర్స్: సాయంత్రం
- కాంప్లిన్: పడుకోబోయే ముందు

ఎండాకాలం చలికాలం బట్టి ఇవి అటూ ఇటూ జరుగుతాయి. "వెస్పర్స్‌కి కనపడ్డాడు, కాంప్లిన్‌కి లేడు" అంటే ఆ మధ్య రెండు మూడు గంటలు మనిషి ఎక్కడున్నాడో తెలీదన్నమాట, క్లూ అదే.

### 1.4 మఠంలో ఎవరి డ్యూటీ ఏంటి

ఆబట్ అంటే మఠాధిపతి, ప్రయర్ ఆయన తర్వాతి మనిషి, సెల్లరర్ ఉగ్రాణం చూసేవాడు, ఇన్ఫర్మరర్ రోగుల గది చూసేవాడు, ఆల్మనర్ దానధర్మాలు చూసేవాడు, నోవిస్ అంటే ఇంకా పూర్తి సన్యాసం తీసుకోని కొత్తవాడు. ఇక కాడ్‌వైల్ మూలికల తోట, మందుల తయారీ చూసుకునే సన్యాసి. వేల్స్‌లో పుట్టి, మొదటి క్రూసేడ్‌కి, అంటే జెరూసలేం కోసం క్రైస్తవ సైన్యాలు చేసిన యుద్ధానికి వెళ్ళి పోరాడి, ఓడల మీద తిరిగి, నలభై దాటాక మఠంలో చేరిన మనిషి. లోకం మొత్తం చూసొచ్చి గోడల లోపల కూర్చున్నాడు, అందుకే మిగతా బ్రదర్లకి కనపడనివి ఇతనికి కనపడతాయి.

పేరు విషయం: ఇంగ్లీషులో Cadfael అని రాస్తారు, వెల్ష్ భాషలో ఒంటి ఎఫ్‌కి "వ" శబ్దం, అందుకే కాడ్‌వైల్. పేర్ల మధ్యలో "ఆప్" వస్తే ఫలానావాడి కొడుకు అని, ఇతని పూర్తి పేరు కాడ్‌వైల్ ఆప్ మేలిర్ ఆప్ దావిద్, అంటే తండ్రి పేరు, తాత పేరు కూడా అందులోనే ఉన్నాయి.

## 2. ఏ పుస్తకంతో మొదలెట్టాలి

మొత్తం 20 నవలలు, ఒక చిన్న కథల పుస్తకం. మొదటి నవల 1977లో, చివరిది 1994లో వచ్చింది. కథాకాలం 1137 మే నుంచి 1145 నవంబర్ దాకా వరసగా నడుస్తుంది, కాబట్టి చదివే వరస ముఖ్యం.

నా సలహా ఇది, చాలామంది ఒప్పుకోరు కానీ నేను గట్టిగానే చెప్తా: రెండో నవల వన్ కార్ప్స్ టూ మెనీతో మొదలెట్టండి, తర్వాత వెనక్కి వచ్చి మొదటిది ఎ మార్బిడ్ టేస్ట్ ఫర్ బోన్స్ చదవండి, ఆ తర్వాత మూడో నంబర్ మంక్స్ హుడ్ నుంచి వరసగా పోండి.

ఎందుకంటే మొదటి నవల చాలా భాగం ష్రూస్‌బరీలో జరగదు, సెయింట్ వినిఫ్రెడ్ అస్థికలు తీసుకురావడానికి సన్యాసుల బృందం వేల్స్‌లో గ్విథెరిన్ అనే పల్లెకి వెళ్తుంది (ఇది చరిత్రలో నిజంగా జరిగిందే, ప్రయర్ రాబర్ట్ అనే ఆయన నిజంగానే ఆ అస్థికలు ష్రూస్‌బరీకి తెచ్చి దాని గురించి రాశాడు కూడా). అక్కడ ఊరివాళ్ళు మా సెయింట్‌ని మేం ఇవ్వం అంటారు. అద్భుతమైన నవల, కానీ మఠం, ఊరు, కోట పరిచయం కాకుండానే పక్క దేశం వెళ్ళిపోతాం. పైగా సిరీస్ అంతటా కాడ్‌వైల్‌కి తోడుండే హ్యూ బెరింగర్ వచ్చేదే రెండో నవల్లో.

ఆ రెండో నవల ఎత్తుగడ చూడండి. 1138 ఆగస్టు, స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటని పట్టుకుని, ఎదిరించిన 94 మందిని ఉరి తీయిస్తాడు. వాళ్ళ శవాలకి మర్యాదగా అంత్యక్రియలు చేయడానికి వెళ్ళిన కాడ్‌వైల్ లెక్కపెడితే 95 ఉన్నాయి. ఎవడో తను చంపిన మనిషిని రాజు చంపించినవాళ్ళ కుప్పలో కలిపేశాడు. అంతమంది పోయిన చోట ఇంకొక్కడి గురించి ఎవరికి పట్టింది అని అందరూ అంటుంటే, ఈ ముసలి సన్యాసి ఒక్కడు ఆ ఒక్కడికీ న్యాయం జరగాల్సిందే అని పట్టుబడతాడు. ఈ సిరీస్ మీద నాకున్న ప్రేమంతా ఆ లెక్కపెట్టడం దగ్గరే పుట్టింది. ఆ సీన్ మీకు తగిలితే మిగతా 19 చదువుతారు, తగలకపోతే ఈ జానర్ మీకు కాదేమో, ఇంకోటి చూసుకోండి.

ఇంకో చిన్న జాగ్రత్త, ముందే ఏ పుస్తకం అట్ట వెనక మేటరూ చదవకండి. చివరి నవల బ్రదర్ కాడ్‌వైల్స్ పెనెన్స్ కథే ఆరో నవల్లో బయటపడే ఒక విషయం మీద నిలబడి ఉంటుంది, అది ముందే తెలిసిపోతే ఆరో నవల్లోని మంచి క్షణం పోతుంది.

## 3. మొదటి యాభై పేజీలు

ఇక్కడ స్లోగా ఉంటుంది, ఒప్పుకుంటా. శవం వెంటనే రాదు. ముందు తోటలో పని, మఠంలో రోజువారీ మీటింగ్, దాన్ని చాప్టర్ అంటారు, ఊరివాళ్ళ పంచాయితీ ఏదో ఒకటి. ఇదంతా పక్కన పెట్టేసి హత్య దగ్గరికి దూకేద్దామనిపిస్తుంది, దూకొద్దు, ఎందుకంటే గొడవకి మూలం అక్కడే దాస్తుంది రచయిత్రి.

చేయాల్సింది వరసగా:

1. మొదటి రెండు పేజీల్లోనే నెల, సంవత్సరం చెప్తుంది, కాగితం పైన రాసుకోండి.
2. చాప్టర్ మీటింగ్‌లో వచ్చిన దరఖాస్తు ఏంటో ఒక్క లైన్‌లో రాయండి. ఎవరో భూమి ఇస్తామంటారు, ఎవరో అద్దె గురించి అడుగుతారు, ఎవరో కొడుకుని మఠంలో చేర్చుకోమంటారు. నూటికి తొంభై పాళ్ళు కథ అందులోంచే పుడుతుంది.
3. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ప్రతి మనిషి పేరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఎవరి పక్షం, స్టీఫెనా మాడా.
4. ఎవరికి ఎవరంటే పడదు అన్నది బాణం గుర్తుతో.

ఇంగ్లీష్ కొంచెం పాతకాలపు వాసన వేస్తుంది, ప్రతి మాటకీ డిక్షనరీ తీయకండి, మొక్కల పేర్లకి మాత్రం తీయండి. మూడు చాప్టర్లయ్యేసరికి చెవికి అలవాటైపోతుంది.

## 4. క్లూలు పట్టుకోవడం

వేలిముద్రలు లేవు, పోస్ట్‌మార్టం లేదు, ఫోన్ లేదు. మరి ఏముంది? మొక్క, గుడ్డ, నీళ్ళు, మంచు, ఇంకా మనుషుల అలవాట్లు.

మొక్కలు. బట్టకి అంటుకున్న గింజ, చెప్పు కింద నలిగిన ఆకు, ఆ మొక్క ఎక్కడ మొలుస్తుందో కాడ్‌వైల్‌కి తెలుసు కాబట్టి శవం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి వెళ్తాడు. మూడో నవల పేరులో ఉన్న మంక్స్ హుడ్ అంటే మన వత్సనాభి జాతి మొక్క, నాభి అంటారే, ఆయుర్వేదంలో శుద్ధి చేయకుండా ముట్టుకోని విషం. కాడ్‌వైల్ దాంతో కీళ్ళ నొప్పులకి పైపూత నూనె చేస్తాడు, ఆ నూనే ఒకరి భోజనంలో కలుస్తుంది. తన మందే ఒకరి ప్రాణం తీసిందన్న బాధతో ఆ నవలంతా అతను తిరుగుతుంటే నాకు మా ఊరి నాటువైద్యుడు గుర్తొచ్చాడు, మందు కట్టి ఇస్తూ "ఇది పైకి రాసేది, నోట్లోకి కాదు" అని మూడుసార్లు చెప్పి, మన చేత తిరిగి చెప్పించుకునేవాడు. రచయిత్రి కూడా యవ్వనంలో మందుల షాపులో అసిస్టెంట్‌గా పని చేసిన మనిషే, అందుకే మందు సీసా గురించి రాస్తే అంత నమ్మకంగా ఉంటుంది.

గుడ్డ. ష్రూస్‌బరీ ఉన్ని వ్యాపారం ఊరు. నేత, రంగు, దారం పోగు ఇవి ప్రస్తావన వస్తే ఊరికే వర్ణన కాదనుకోండి. రంగు పేరు చెప్పిందంటే రాసుకోవాల్సిందే.

నది. మాడాగ్ అనే పడవవాడు వస్తుంటాడు, సెవెర్న్‌లో మునిగినవాళ్ళని వెతికి తీసే మనిషి, ఎక్కడ పడితే ఎక్కడ తేలతారో అతనికి నోటి లెక్క. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకి ఇలాంటి మనిషి పరిచయమే. అతను చెప్పే మాటకి మీరు గీసిన మ్యాప్ పక్కన పెట్టుకోండి, వంతెనకి పైన పడ్డాడా కింద పడ్డాడా అన్నది తేలిపోతుంది.

వాతావరణం. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, మంచు ఎప్పుడు పడింది. శవం కింద నేల పొడిగా ఉంటే వానకి ముందే పడిందని మీరే చెప్పగలరు. ఇవి గంటల లెక్కతో కలిపి చూసుకోవాలి.

## 5. అప్పటి చట్టం తెలియకపోతే సగం పోతుంది

పోలీసులు లేరు, జిల్లాకి రాజు తరఫున షెరీఫ్, అతని కింద కొందరు మనుషులు. ఇవి గుర్తు పెట్టుకుంటే చాలు:

- శరణు: నేరం మోపబడ్డవాడు చర్చిలోకి పారిపోయి తలదాచుకుంటే 40 రోజులు ముట్టుకోకూడదు. ఏడో నవల ది శాంక్చువరీ స్పారో మొత్తం దీని మీదే, ఊరంతా తరుముతుంటే ఒక బక్క గారడీ కుర్రాడు అర్ధరాత్రి ప్రార్థన మధ్యలో వచ్చి పడతాడు.
- విలన్: మన సినిమా విలన్ కాదు, దొర భూమికి కట్టుబడిపోయిన రైతు. పారిపోయి హక్కుపత్రం ఉన్న పట్నంలో ఏడాది మీద ఒక రోజు దొరక్కుండా బతికితే స్వేచ్ఛ వచ్చేస్తుంది. ఆ ఏడాది లెక్క ఎప్పుడు పూర్తవుతుందో చూడండి.
- వెల్ష్ చట్టం వేరు: సరిహద్దు దాటితే ఆస్తి, వారసత్వం, హత్యకి నష్టపరిహారం అన్నీ మారతాయి. ఏ భూమి ఏ పక్క ఉందో గమనించండి.
- సంత, అద్దె, సుంకం: సెయింట్ పీటర్స్ ఫెయిర్ నవల్లో సంత సుంకంలో వాటా ఇమ్మని ఊరివాళ్ళు మఠాన్ని అడుగుతారు, ముట్టడిలో పాడైన గోడలు బాగుచేసుకోవడానికి. ది రోజ్ రెంట్‌లో ఒక వితంతువు తన ఇంటిని మఠానికి ఇచ్చి ఏడాదికి ఒక్క తెల్ల గులాబీ అద్దెగా అడుగుతుంది, అదీ చెప్పిన రోజునే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎవరికి లాభం అని ఆలోచించారా, మీరు దారిలో పడ్డట్టే.

## 6. ఎక్కువగా చేసే తప్పులు, సరిచేసుకోవడం

పేర్లు కలిసిపోవడం. ఇది నంబర్ వన్. స్టీఫెన్ భార్య పేరు మటిల్డా, మాడ్ అసలు పేరు కూడా మటిల్డానే, ప్రయర్ రాబర్ట్ ఒకడు, మాడ్ అన్న గ్లోస్టర్ రాబర్ట్ ఇంకొకడు (తండ్రి ఒకరే, తల్లి వేరు). పేరు పక్కన ఎప్పుడూ ఒక గుర్తు పెట్టుకోండి, "ప్రయర్ రాబర్ట్, పొడుగు, దర్జా" అని. 1141లో స్టీఫెన్ పట్టుబడటం, తర్వాత గ్లోస్టర్ రాబర్ట్‌ని ఇచ్చి ఆయన్ని విడిపించుకోవడం జరుగుతుంది కాబట్టి ఆ ఏడాది నవలలకి వచ్చేసరికి కాగితం తిరగేసి చూసుకోండి.

థ్రిల్లర్ స్పీడ్‌తో చదవడం. రాత్రికి రాత్రి లాగించేస్తే చప్పగా అనిపిస్తుంది. రోజుకి ఒక చాప్టర్, పడుకునే ముందు, నాలుగు రోజులకే మీరూ ఆ తోటలో కూర్చున్నట్టుంటుంది. ఒకే నెలలో ఐదు నవలలు చదివి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నవాళ్ళని చూశాను. నెలకి ఒకటి చాలు.

ప్రేమ జంట పేజీలు తిప్పేయడం. దాదాపు ప్రతి నవల్లో ఒక జంట ఉంటుంది, నింద కూడా చాలాసార్లు ఆ కుర్రాడి మీదే పడుతుంది. వాళ్ళ మాటలు వదిలేయకండి, చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ స్వార్థం ఆ మాటల్లోంచే బయటపడుతుంది.

మతం పుస్తకం అనుకోవడం, లేదా ఈ కాలం కళ్ళతో కొట్టిపారేయడం. మహిమలు, అస్థికలు వచ్చినప్పుడు నమ్మాలా వద్దా అని ఆగిపోవద్దు, మన ఊళ్ళో అమ్మవారి జాతర ఎలా చూస్తామో అలా చూడండి, నమ్మేవాళ్ళూ ఉంటారు, ఆ పేరుతో పెత్తనం చేసేవాళ్ళూ ఉంటారు, రచయిత్రి ఇద్దర్నీ చూపిస్తుంది.

టీవీ సిరీస్ ముందు చూసేయడం. డెరెక్ జాకోబీ కాడ్‌వైల్‌గా చేసిన 13 ఎపిసోడ్లు చాలా బాగుంటాయి కానీ వాటి వరస నవలల వరస కాదు, కథలు కూడా మార్చారు. నవల చదివాక ఆ ఎపిసోడ్ చూడండి.

మఠం అని ఉంటే చాలు కోజీ అనుకోవడం. ది నేమ్ ఆఫ్ ది రోజ్ కూడా మఠంలో హత్యలే, 1327 నాటి ఇటలీ, గొప్ప నవల, కానీ దాన్ని హాయిగా దుప్పటి కప్పుకుని చదివేద్దామని మొదలెడితే దెబ్బ తింటారు. అది వేరే ప్రయాణం, దానికి వేరే ప్రిపరేషన్.

## 7. చివరి ముప్ఫై పేజీలు

హంతకుడు తెలియగానే పుస్తకం మూసేసేవాళ్ళకి ఇది చెప్పాలి. ఈ సిరీస్‌లో అసలు బరువు ఆ తర్వాతే ఉంటుంది. నిజం తెలుసుకున్న కాడ్‌వైల్ దాన్ని షెరీఫ్‌కి అప్పగించాలా, తనలోనే దాచుకోవాలా, చేసినవాడిని ఇంకో రకంగా రుణం తీర్చుకోమనాలా అని కొట్టుమిట్టాడతాడు, అన్నిసార్లూ ఒకే జవాబు ఇవ్వడు. హ్యూకి కొన్ని తెలుస్తాయి, కొన్ని తెలిసీ అడగడు. ఆ అడగకపోవడంలోనే వాళ్ళ స్నేహం ఉంది.

కాబట్టి దోషి తెలిసిన చోట పుస్తకం పక్కన పెట్టి, మీరైతే ఏం చేసేవాళ్ళో కాగితం మీద రాయండి. తర్వాత మిగతాది చదవండి. నేను మొదటి నవలకి ఇలా రాసుకున్నది, చివర్లో అతను చేసింది అస్సలు కలవలేదు, రెండు రోజులు దాని గురించే ఆలోచించాను. హాయిగా ఉండే పుస్తకాలు ఎందుకు ఇంతకాలం గుర్తుంటాయి అని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఆ రెండు రోజులే.

## 8. చెక్‌లిస్ట్

మొదలెట్టే ముందు:

- ☐ నది, రెండు వంతెనలు, కోట, మఠం, ఫోర్‌గేట్, సెయింట్ జైల్స్ ఉన్న మ్యాప్
- ☐ ఎనిమిది ప్రార్థనల టైమ్ పట్టిక
- ☐ స్టీఫెన్, మాడ్ వంశవృక్షం, మూడు లైన్లలో
- ☐ అట్ట వెనక మేటర్ చదవలేదు

చదువుతున్నప్పుడు:

- ☐ నెల, సంవత్సరం పైన రాశాను
- ☐ చాప్టర్ మీటింగ్‌లో వచ్చిన దరఖాస్తు ఒక్క లైన్‌లో
- ☐ కొత్త మనిషి, ఊరు, పక్షం
- ☐ మొక్క, రంగు, వాన గురించి ఏ మాట వచ్చినా నోట్ చేశాను
- ☐ దోషి తెలిశాక ఆగి నా తీర్పు రాశాను

ఆరు నవలలయ్యాక ఎ రేర్ బెనెడిక్టీన్ తీయండి, మూడు కథలే, మొదటి కథ 1120లో జరుగుతుంది, కాడ్‌వైల్ కత్తి వదిలి మఠంలోకి ఎలా వచ్చాడో అందులో ఉంది. ముందే చదివితే మామూలు కథ, ఆరు నవలల పరిచయం తర్వాత చదివితే చిన్నప్పటి నాన్న ఫోటో చూసినట్టుంటుంది. ఏడోది మొదలెట్టే ముందు పాత మ్యాప్ పారేయకుండా అదే కాగితం వాడండి, ఇరవయ్యోదానికి వచ్చేసరికి అది చిరిగిపోయేంత నలిగి ఉండాలి.